నాన్న కళ్ళలో మిరప ఘాటు

సినిమాల్లో హీరో కత్తిపోట్లు తిన్నా కంటతడి పెట్టడు. మా నాన్న మగతనం నేర్చుకుంది అక్కడే. కానీ టీవీ సీరియల్లో కోడలి కష్టాలు మొదలైతే ఆయన కళ్ళు ఆగవు. అందుకని రోజూ ఆ వేళకి ఎండుమిరపకాయల బుట్ట ముందేసుకుని, టీవీ ఎదురుగా తొడిమలు తీస్తూ కూర్చునేవాడు. కన్నీళ్ళొస్తే ఘాటు మీదకి నెట్టేవాడు.

మా ఊళ్ళో తొడిమలు తీయడం ఆడవాళ్ళ పని, మగాళ్ళెవరూ ముట్టుకోరు. ఏడిస్తే ఆడంగి అంటారని ఆడవాళ్ళ పనికి కూర్చున్నానన్న సంగతి ఆయనకి తట్టనే లేదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

సీరియల్లో కోడల్ని ఇంట్లోంచి గెంటేసిన రోజున పక్కింటి బాబాయి, ఎదురింటి పెదనాన్న కూడా వచ్చారు, ఎవరి బుట్ట వాళ్ళు పట్టుకుని. ముగ్గురూ ముక్కులు చీదుకుంటూ, ఈ ఏడు కాయ మహా ఘాటుగా ఉందని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఊహ తెలిసినప్పటి నుంచీ తొడిమలు తీస్తున్న అమ్మ, పొడికళ్ళతో వచ్చి బుట్టల్లోకి చూసింది.

"రేపు ఆ పిల్లకి విషం పెడతారంట, ఇందాక ప్రోమోలో చూపించాడు. ఇంకో బస్తా విప్పమంటారా?"