బయటికి పోయిన బంతి ఎవరిది?

2006 మార్చిలో నన్ను హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు బదిలీ చేసి, చాంగీ బిజినెస్ పార్క్‌లోని మా కార్యాలయంలో టెస్టింగ్ మేనేజర్‌గా వేశారు. చేతికింద ఎనిమిదిమంది టెస్టర్లు. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం టెస్టర్ పని. వెతకడం పూర్తయిందని సంతకం పెట్టడం మేనేజర్ పని. ఈ రెంటిలో ఏది కష్టమో చేసినవాళ్ళకు తెలుసు.

నేను చేరేసరికి లాక్రోస్ అనే ఆట తాలూకు ప్రాజెక్టు ఒకటి సగంలో ఉంది. పేరు వినడం నాకదే మొదలు. పొడవాటి కర్ర, దాని చివర వలతో అల్లిన చిన్న సంచి. ఆ సంచిలో రబ్బరు బంతిని పట్టి, పరిగెత్తి, అవతలి గోల్‌లోకి విసరాలి. జట్టుకు పదిమంది. అమెరికాలో దీనికొక ప్రొఫెషనల్ లీగ్ ఉంది. ప్రతి మైదానంలోనూ ఒక స్కోరర్ లాప్‌టాప్ ముందు కూర్చుని ప్రతి షాట్‌నూ నమోదు చేస్తే, అది అప్పటికప్పుడు వెబ్‌సైట్‌లో కనబడాలి. ఆ సాఫ్ట్‌వేర్ మేం రాస్తున్నాం. సీజన్ మొదలయ్యేలోగా అందించాలి. అప్పట్లో ఐటీ మంచి ఊపులో ఉంది. ఏ పని వచ్చినా కాదనేవాళ్ళం కాదు, తెలియదు అనేవాళ్ళం అంతకన్నా కాదు.

నా టెస్టర్లలో అందరికన్నా కొత్త అమ్మాయి అప్పలనరసమ్మ. నాయనమ్మ పేరు పెట్టారట. ఆఫీసులో అందరూ నర్సీ అనేవాళ్ళు, నేను నర్సమ్మ అనేవాణ్ణి. ఆమె ముత్తాత విశాఖ రేవులో ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడే తెలుగు ఆ ఓడలో వచ్చిన తెలుగే, దారిలో కాస్త అరవం, కాస్త మలయ్ కలిసింది. తండ్రి బస్సు డ్రైవరు. చూపు మందగించి ఆ ఏడే పని మానేశాడు. బుకిట్ బటోక్‌లోని ఆ ఇంటికి ఈ అమ్మాయి ఉద్యోగమే ఆధారం. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆరు నెలల ప్రొబేషన్ మే నెలాఖరుకు ముగుస్తుంది. కన్ఫర్మ్ చేయాలా వద్దా అన్న ఫారం నేను నింపాలి.

క్లయింటు రెండు పాత మ్యాచ్‌ల డిస్కులు పంపారు. నేను వాటిని బీరువాలో పడేసి, మా డిజైన్ పత్రంలో రాసిన సందర్భాలనే పరీక్షించమన్నాను. నర్సమ్మ డిస్కులు అడిగి ఇంటికి పట్టుకెళ్ళి, మ్యాచ్ చూస్తూ స్కోరర్ చేసినట్టే ఒక్కొక్క షాట్‌నూ కాగితం మీద రాసుకుంది. మర్నాడు ఆఫీసులో దాన్ని మా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించబోతే చాలాచోట్ల ఇరుక్కుపోయింది. షాట్ గోల్ తప్పి హద్దు దాటితే, మా సాఫ్ట్‌వేర్ బంతిని అవతలి జట్టుకు ఇచ్చేసి, వాళ్ళ ఆటగాళ్ళ పేర్లే చూపిస్తోంది. డిస్కులో మాత్రం ఒక్కోసారి బంతి కొట్టినవాళ్ళకే తిరిగి వస్తోంది. ఆమె దీన్ని మొదటి తరగతి డిఫెక్ట్‌గా నమోదు చేసింది. మొదటి తరగతి అంటే, ఇది సరిచేయకుండా సరుకు గడప దాటకూడదని అర్థం.

నేను ఐదు నిమిషాల్లో దాన్ని మూసేశాను. ‘డిజైన్ ప్రకారమే పనిచేస్తున్నది’ అని కారణం రాశాను. నేను కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి. బంతి బయటికి కొడితే అవతలివాళ్ళది, ఏ ఆటలోనైనా ఇంతే కదా! గంట తిరక్కుండా ఆమె దాన్ని మళ్ళీ తెరిచింది. మేనేజర్ మూసినదాన్ని ప్రొబేషన్‌లో ఉన్న టెస్టర్ తెరవడం మా వృత్తిలో చిన్న సంగతి కాదు. నాకు ఒళ్ళు మండింది. పిలిచి అడిగితే తలొంచుకునే జవాబు చెప్పింది, చివర సింగపూరువాళ్ళు ప్రతి మాటకూ తగిలించే ‘లా’తో సహా.

“కొట్టినోళ్ళకే మళ్ళీ ఇచ్చినారు సార్. నా కళ్ళతో సూసినాను. సిస్టమే తప్పు లా.”

అంపైర్లు పొరబడి ఉంటారు పొమ్మన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ సాయంత్రమే ఆమె ఫారం నింపి మానవ వనరుల విభాగానికి పంపాను. ‘తీర్పు సామర్థ్యం: సగటు కన్నా తక్కువ. ముగిసిన విషయాలను మళ్ళీ తెరుస్తుంది. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించవచ్చు.’ కోపంలో రాసిన ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

ఫారం సంగతి ఆమెకు తెలియదు, నాతో వాదించనూ లేదు. ప్రతి ఆదివారం ఒక కాలేజీ మైదానంలో ఈ ఆట ఆడేవాళ్ళున్నారని, ఒక్కసారి వచ్చి చూడమని మాత్రం అడిగింది. ఈ పిల్ల ముందే నా మాట నెగ్గించుకుందామనే వెళ్ళాను, నిజం చెప్పాలంటే.

సాయంత్రం నాలుగింటికి కూడా ఎండ పేలుతోంది. నర్సమ్మ అప్పటికే బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నా కోసం చోటు ‘చోప్’ చేసి, అంటే ఇక్కడివాళ్ళ పద్ధతిలో ఆపి ఉంచింది. మైదానంలో అమెరికావాళ్ళు, కెనడావాళ్ళు, ఆస్ట్రేలియావాళ్ళు, ఇద్దరు జపానువాళ్ళు, కొందరు ఇక్కడి కాలేజీ పిల్లలు. గోల్ వలలు వాళ్ళే కుట్టుకున్నారట. స్కాట్ అనే కెనడా ఆయన, వారమంతా బ్యాంకు ఉద్యోగి, ఆదివారం వీళ్ళకు కోచ్. నా చేతికి కర్ర ఇచ్చి నేల మీది బంతిని ఎత్తమన్నాడు. నాలుగుసార్లు మట్టి ఎత్తాను, బంతి ఎత్తలేదు. వాళ్ళేమో ఒంటి చేత్తో, పరుగు ఆపకుండా, పప్పులో గరిటె పెట్టి తీసినంత తేలిగ్గా తీస్తున్నారు. నిజంగా ముచ్చటేసింది.

ఆట మొదలైన కాసేపటికి ఒక షాట్ గోల్ పక్కనుంచి దూసుకుపోయింది. ఆపడం ఎవరి తరమూ కాదు. అయినా రెండు జట్లవాళ్ళూ ప్రాణాలు పోతున్నట్టు దాని వెంట పరిగెత్తారు. ఎలాగూ బయటికే పోతోంది కదా, వీళ్ళెందుకు పరిగెడుతున్నారని స్కాట్‌ను అడిగాను. మామూలుగా పోయిన బంతి అయితే చివర తాకినవాళ్ళకు నష్టమే, కానీ షాట్ బయటికి పోతే లెక్క వేరు అన్నాడు. హద్దు దాటే క్షణంలో బంతికి ఎవరు దగ్గరగా ఉంటే బంతి వాళ్ళది. కొట్టినవాడి జట్టే ముందుగా చేరుకుంటే మళ్ళీ వాళ్ళదే. అందుకే గోల్ వెనక ఒకణ్ణి ఎప్పుడూ కాపలా పెట్టుకుంటారు.

నర్సమ్మ నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, నేనెక్కడ తల దాచుకోవాలో తెలియక కూర్చున్నాను.

ఆట ముగిశాక స్కాట్ మరికొంత చెప్పాడు. ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసులది. వాళ్ళకు ఇది పూజతో సమానం. ఈనాటికీ ప్రపంచ పోటీల్లో వాళ్ళు తమ సొంత జెండా కింద, సొంత జట్టుగా ఆడతారు. ప్రొఫెషనల్ లీగ్ ఆటగాళ్ళలో చాలామంది వారమంతా బడిలో పాఠాలు చెప్పుకునో, ఆఫీసులో పనిచేసుకునో, శనివారం విమానమెక్కి మ్యాచ్‌కు వెళ్ళేవాళ్ళు. అక్కడినుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళే కర్రలు వెంట తెచ్చి టోక్యోలో, హాంకాంగ్‌లో, ఇక్కడ ఆటను నాటుతున్నారు. ఇంత ప్రేమగా ఆడుకునే ఆటకు మేం రాసిన సాఫ్ట్‌వేర్ తలచుకుంటే నాకు సిగ్గేసింది.

సోమవారం పత్రాలు తీశాను. క్లయింటు రాసిన వాక్యం: ‘షాట్ హద్దు దాటినప్పుడు బంతి నిబంధనల ప్రకారం ఒక జట్టుకు చెందును.’ నిబంధనల పుస్తకం అనుబంధంగా జతచేసి ఉంది. దాన్ని తెరిచిన పాపాన ఒక్కరూ పోలేదు. క్లయింటు అడిగినదాన్ని డిజైన్ పత్రంగా రాసే మా ఎనలిస్టు అందులో తనకు తెలిసిన ఫుట్‌బాల్ రాశాడు, చేరిన మొదటి వారంలోనే నేను దానికింద సంతకం పెట్టాను.

మా డెలివరీ హెడ్ ప్రసాద్ గారు ప్రాజెక్టుకు పెద్ద. సాఫ్ట్‌వేర్ గురువారం వెళ్ళాలి, ఆదివారం మొదటి మ్యాచ్. పరీక్ష పూర్తయిందన్న నివేదిక మీద టెస్టరూ, మేనేజరూ ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను తప్పు సంగతి చెబితే, ఇప్పుడు పంపేద్దాం, తర్వాత సరిచేద్దాం అని ఆయన తేల్చారు. నర్సమ్మను పిలిపించి, వారాంతానికి ఆమె ప్రొబేషన్ ముగుస్తున్న సంగతి మెల్లగా గుర్తుచేశారు. ఆ అమ్మాయి నివేదికను ఆయన బల్ల మీదే వెనక్కి పెట్టింది.

“పెట్టను సార్. ఉద్యోగం పోతే పోతాది. అక్కడ స్కోరు రాసీవోడు అందరి ముందర తెల్లమొగం ఏస్తాడు. ఆడు నా సంతకం నమ్మే కదా కూకుంటాడు.”

ఆ మాట నేననాల్సింది. నేనూ సంతకం పెట్టనని ప్రసాద్ గారికి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, రావడం న్యాయమే. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి క్లయింటుతో ఫోన్‌లో, తప్పు మాదేననీ, టెస్టర్ పట్టుకుంటే మూసేసింది నేనేననీ చెప్పాను. వాళ్ళు ఒక్కటే అడిగారు, ఆదివారానికి అందుతుందా అని. ప్రోగ్రామర్లు రెండు రోజుల్లో సరిచేశారు. నర్సమ్మ రెండు డిస్కులనూ మొదటినుంచి చివరిదాకా మళ్ళీ ఎక్కించింది, ఎక్కడా ఇరుక్కోలేదు. శుక్రవారం పంపాం. మొదటి మ్యాచ్ సాఫీగా నడిచింది.

ఇక మిగిలింది నేను పంపిన ఫారం. వెనక్కి ఇమ్మంటే మానవ వనరుల విభాగం కుదరదంది. పంపిన మదింపును తీసేసే పద్ధతి లేదు. మొదటిది ఎందుకు తప్పో కారణం రాసి రెండోది జతచేయవచ్చు. రెండూ ఫైల్లో ఉంటాయి, రెండింటినీ ఉద్యోగి చదివి సంతకం చేయాలి. ‘ఆట చూడకుండా తీర్పు చెప్పింది నేను, చూసి చెప్పింది ఆమె. వెంటనే కన్ఫర్మ్ చేయవలెను’ అని రెండోది రాశాను. రెండూ ఆమె ముందు పెట్టాను.

మొదటిది చదువుతుంటే ఆమె ముఖం చూడలేకపోయాను. తీరిగ్గా చదివింది. రెండోదీ చదివి, దానికింద సంతకం పెట్టింది. మొదటిదాన్ని నావైపు తోసింది.

“ఇది తప్పు కదా సార్. తప్పున్న కాగితం మీద నాను పెట్టను.”

నిబంధన ప్రకారం పెట్టాలి. పెట్టమని నేను అడగలేదు. కన్ఫర్మేషన్ వచ్చింది. ఆ ఫైల్లో మొదటి ఫారం మీద ఉద్యోగి సంతకం గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఆ తర్వాత నేను పదేళ్ళు ఆ పదవిలో ఉన్నాను. మేనేజర్ మూసిన డిఫెక్ట్‌ను టెస్టర్ మళ్ళీ తెరిస్తే, దాని మీద నిర్ణయం ఆ మేనేజర్ చేతిలో ఉండకూడదని, వేరే ప్రాజెక్టువాళ్ళు చూడాలని మా కార్యాలయంలో నియమం పెట్టించాను. ఆ నియమం కింద మొదటి ఏడాదే మూడుసార్లు ఓడిపోయాను. మూడుసార్లూ తప్పు నాదే.