టేపులో మా పాప గొంతు

వేలూరు దగ్గర మా గుడియాత్తంలో బడులకు కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. పాపకు మధ్యాహ్నం క్యారియర్ ఇద్దామని వెళితే, బడి వరండాలో ఎవరో కొత్త మనిషి దగ్గరున్న టేప్‌రికార్డర్‌లోంచి మా పాప గొంతు వినబడింది.

"ఎవరప్పా నువ్వు? యాడ్నించి వచ్చినావు? నా బిడ్డ మాటలు నీకెందుకు?" అని అరిచాను.

"వేలూరు కాలేజీ నుంచి వచ్చినానమ్మా. ఒకే కంప్యూటర్ ముందర ముగ్గురు పిల్లోళ్లు కలిసి ఎట్ల నేర్చుకుంటారో వాళ్ల మాటలు టేపు చేసి చూస్తుండా" అన్నాడతను.

నేను నమ్మలేదు. టేపు మొత్తం పెట్టించాను.

పాప పక్కపిల్లతో అంటోంది: "ఈ సార్ మన మాటలు టేపులో పట్టుకుంటాడని మాయమ్మకు చెప్పొద్దే. ఆమెకు అందరిమీదా అనుమానమే. క్లాసు మాన్పించేస్తాది."

నా అరుపులకు బయటికొచ్చిన టీచర్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అతనికంటే ఆ దాపరికమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు పొద్దున పాపనూ దాని తమ్ముణ్నీ కూర్చోబెట్టి చెప్పాను: "ఏం జరిగినా ముందు నాకు చెప్పండి. క్లాసు మాన్పించను."