సన్న బంగారం గొంతు

పోయిన నెలలో ఒక శుక్రవారం మా పక్కింటి రేడియో భాయ్ పోయారు. నమాజుకు బయలుదేరి, చెప్పులు తొడుక్కుందామని గడపలో కూర్చున్నాయన మళ్లీ లేవలేదు. ఆదోనిలో ఆయన చేత రేడియోలు బాగుచేయించుకున్నవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. రేడియోలే లేవు.

అసలు ఆయన చేతికి ఇంకో మిషన్ రావడానికి కారణం అదే. చెవులకు పని లేకుండా పోయిందని, నేలలోని లోహాన్ని కూతపెట్టి చెప్పే మెటల్ డిటెక్టర్ కొన్నారు. పొలాల్లో ఆడవాళ్లు పారేసుకున్న కమ్మలు, మెట్టెలు వెతికిపెట్టేవారు. గుప్తనిధులంటూ జీపుల్లో వచ్చినవాళ్లకు మాత్రం టీ తాగించి పంపేసేవారు. "పోగొట్టుకున్న మనిషిని సూపియ్యండప్పా, అప్పుడొస్తా" అనేవారు.

నన్ను ఆ మాట అడగలేదు. మా ఆవిడ పోయి రెండేళ్లు. పోయేముందు ఏడాది ఎమ్మిగనూరు దారిలోని మా చేలో పత్తి తీస్తూ ఎడమ చెవి కమ్మ పారేసుకుంది. కుడిది నా దగ్గరే ఉంది. రెండోది దొరికితే ఏం చేసుకుంటానో నాకే తెలియదు. అయినా కావాలి.

ఆయనది ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్. మాదేమో చౌడు కలిసిన నల్లరేగడి. కాస్త తడి ఉంటే చాలు, లోహం లేకపోయినా మిషన్ అడుగడుగునా కూస్తుంది. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని కంపెనీ పుస్తకాలు చదివే రకం కనుక, మల్టీ ఫ్రీక్వెన్సీది తెమ్మని పోరు పెట్టాను. అది ఒకేసారి నాలుగైదు రకాల తరంగాలు పంపి, ఉప్పునేల చేసే గోలను పక్కకు తీసేస్తుందని వాదించాను.

"ఇంట్లో మాట్లాడేటోళ్లే లేరు. నలుగురు ఒక్కసారి మాట్లాడితే యాడ తట్టుకుంటానన్నా" అన్నారాయన.

చివరికి నా పోరు పడలేక బళ్లారిలో ఎవరినో అడిగి ఒకటి తెచ్చారు. వాన పడిన మర్నాడు చేనంతా తిప్పాం. ఒక్క కూతా లేదు. ఇక కమ్మ లేనట్టేనని నేను గట్టు మీద కూలబడ్డాను. ఆయన పక్కన కూర్చుని అన్నారు:

"ఉప్పూ, సన్న బంగారమూ ఒకే గొంతుతో మాట్లాడతాయన్నా. ఈ కొత్త మిషన్ ఉప్పు నోరు మూసేటప్పుడు కమ్మ నోరు కూడా మూసిందేమో. నేల ఎండనీ, ఉప్పు ఊరుకుంటది, పాతదే చాలు."

ఎండలు వచ్చాయి. నేను అడగలేదు, ఆయన ఆ ఊసెత్తలేదు. మనిషికి ఓటమి గుర్తుచేయడం మర్యాద కాదని, రోజూ సాయంత్రం టీ దగ్గర కరెంటు కోతల గురించే మాట్లాడాను.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి వస్తుంటే మా చేను గుత్తకు చేసే రైతు అసలు సంగతి చెప్పాడు. ఎండాకాలమంతా భాయ్ వారానికి రెండుసార్లు ఎమ్మిగనూరు బస్సెక్కి, పాత మిషన్ భుజాన వేసుకుని ఒక్కరే వచ్చేవారట.

"నీకు సెప్పొద్దన్నాడు పెద్దాయనా. దొరికినంక నేనే సెప్తాలే అన్నాడు."

మర్నాడు నేనే పోయి చూశాను. వెతికినంత మేరా ఆయన పత్తికట్టె ముక్కలు పాతుకుంటూ వచ్చారు, వరసకు వరస. అవతలి గట్టు దగ్గర మొదలైన వరసలు ఇవతలి గట్టుకు పది అడుగుల దూరంలో ఆగిపోయాయి.

"తొలివాన పడింది, దున్నాల. కట్టెలు పీకేదా?" అని రైతు అడిగాడు.

ఆ పది అడుగులూ వదిలేసి దున్నమన్నాను. ఇప్పుడు చేనంతా నల్లగా తిరగబడి ఉంది. గట్టు పక్కన ఆ కాస్త నేల మాత్రం చౌడు తేలి తెల్లగా, చివరి వరస కట్టెలతో అలాగే ఉంది.