నన్ను ఏ కుప్పలో వేశారు

ఆ రోజుల్లో నాకు కంప్యూటరంటే భక్తి, దెయ్యాలంటే నవ్వు. ఇనుపగనుల బచేలీ టౌన్‌షిప్పులో పెరిగినదాన్ని కదా, దెయ్యాలకు కూడా గేటు పాసు ఉండాలనుకునేదాన్ని. మొదటి ఉద్యోగం బస్తర్ వైపు కొంటాలో. చనిపోయినవాళ్ల గుర్తుగా దారి పక్కన పాతే రాళ్లకు ఫొటోలు తీసి, పోలికలను బట్టి కంప్యూటర్‌తో గుంపులు చేయించాలి. అవే ఫొటోలను ఊరిమనిషి ఒకరు చేత్తో గుంపులు చేయాలి. రెండూ ఎంతవరకు కలిశాయో లెక్క కట్టాలి. (గుంపుకు ఏ పేరు పెట్టారన్నది అనవసరం. ఇక్కడ కలిసున్న జంట అక్కడా కలిసుందా, విడిగా ఉన్నవి అక్కడా విడిగానే ఉన్నాయా, అంతే. అచ్చంగా కలిస్తే ఒకటి, గాలివాటంగా కలిస్తే సున్నా దగ్గర.) లెక్క నమ్మేలా లేకపోతే నీ ఉద్యోగం ఉండదని గీదంలో ఉండే మా సారు ముందే చెప్పాడు.

నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ మధ్యాహ్నం వసారాలో ఫొటోలు పరుచుకుని, విస్తరి కుట్టినంత తీరిగ్గా కుప్పలు పెట్టింది. లెక్క వేస్తే ఒకటి వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ ఒకటే. కంప్యూటర్ వదిలి వసారాలోకి వచ్చాను.

"ఏం చూసి పెట్టావు పెద్దమ్మా?"

"ఎవరి పక్కన ఎవరుంటే కొట్లాట రాదో అట్ల పెట్టిన. నీ మిషనుకు ఎట్ల తెల్సిందో దాన్నే అడుగు."

ఫోన్లో లెక్క చెప్పగానే సారు గొంతు మారింది. "ఇంత బరాబర్ ఎక్కడా రాదమ్మా. కాపీ కొట్టావని తేలితే రేపట్నుంచి రావద్దు."

కొట్టలేదని చూపించడానికి కుప్పలన్నీ తిరగేశాను. ఒకదాంట్లో నేనున్నాను. రాయి ఎత్తు తెలియడానికి పక్కన మనిషి ఉండాలన్నారని, టైమరు పెట్టి వెళ్లి, నీడ బాగుందని రాయికి ఆనుకుని కూర్చున్న ఫొటో. గబగబా కంప్యూటర్ చూశాను. అదీ నన్ను ఆ రాళ్లతోనే పెట్టింది.

"రాయికి ఆనుకున్నోళ్లను రాయి లెక్కనే పెడ్తం బిడ్డా," అంది పెద్దమ్మ నింపాదిగా. "వాళ్లు మంచోళ్లే. నిన్నేమనరు."

నాకు ఏడుపొచ్చింది. (ఉద్యోగం పోతుందని ఏడ్చాననుకోండి, నాకేం అభ్యంతరం లేదు.) పెద్దమ్మ నా మొహం చూసి, ఆ ఫొటో తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "ఏంది బిడ్డా గింత భయం? ఇది వేరే కుప్ప, బతికున్నోళ్లది. ఇప్పుడు లెక్కెయ్యి."

ఒకటికి కాస్త తగ్గింది. "ఇప్పుడు మనిషి చెయ్యి పడినట్టుంది," అన్నాడు సారు. ఉద్యోగం నిలిచింది. కంప్యూటర్ మాత్రం ఎన్నిసార్లు నడిపినా మనసు మార్చుకోలేదు. నువ్వే తప్పని దాంతో కూర్చుని వాదించిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

పోయినేడు పెద్దమ్మకూ రాయి పాతారు. చూడ్డానికి వెళ్లి, కాసేపు దానికే ఆనుకుని కూర్చున్నాను. తొందరేం లేదు గానీ, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కుప్పలో పడక తప్పదు. ఇందులోనైతే తెలిసిన మనిషి ఉందని మనసు కుదుటపడింది.