రెండు కంపెనీలు, ఒక బుష్షు

విమానాల భాగాలు, రక్షణ సామగ్రి తయారు చేసే రెండు పెద్ద విదేశీ కంపెనీలు ఒకటవుతున్నాయన్న వార్తను తార్నాక మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతూ పేపర్లో చదివాను. ఒక కంపెనీ వాటా ఇస్తే రెండో దాంట్లో ఎంత వస్తుందో రాశారు. నాకు ఏ కంపెనీలోనూ వాటాల్లేవు. అయినా వార్తలో ఇచ్చిన ధరలతో ఆ నిష్పత్తిని పేపరు అంచున లెక్క వేసి చూసుకున్నాను. సరిపోయింది. డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ణి. లెక్కలు కోఠిలో కొన్న పాత పుస్తకాల నుంచి నాకు నేనే నేర్చుకున్నాను. యూనివర్సిటీలో ఒక విభాగం ఆఫీసులో మార్కుల పట్టికలు చూడటం నా ఉద్యోగం.

ఆ వార్త నాతో రోజూ పొద్దున క్యాంపస్‌లో నడిచే అన్నకు సంబంధించినదని వారం తర్వాత తెలిసింది. సొంత అన్న కాదు. పక్క అపార్ట్‌మెంటులో ఉంటాడు, నాకన్నా ఆరేళ్లు పెద్ద. నాచారంలో తొమ్మిది మంది పనిచేసే చిన్న వర్క్‌షాప్ ఉంది. ఆ రెండింటిలో చిన్న కంపెనీకి ఎనిమిదేళ్లుగా ఒక కంచు బుష్షు చేసి పంపుతున్నాడు. బుష్షు అంటే తిరిగే కడ్డీ అరిగిపోకుండా దాని చుట్టూ ఉండే చిన్న గొట్టం. ఆయన షాపు పనిలో సగం అదే. పెద్ద కంపెనీకి అలాంటి బుష్షునే వేరే ఊళ్లో ఇంకొకరు చేస్తారు.

"ఒక్కటైనంక ఇద్దరెందుకు, ఒక్కరు చాలంటున్రు తమ్మీ," అన్నాడు అన్న నడుస్తూ. "ఇద్దరం చెరో రెండు వందలు చేసి పంపాలె. ఎవరికి మార్కులు ఎక్కువొస్తే పని వాళ్లకే."

"మీకు కూడా మార్కులా?"

"నీ పిల్లలకేనా ఏంది. నాణ్యతకు అరవై, టైముకు లెక్క ప్రకారం పంపినందుకు నలభై. అదొక్కటే అయితే భయం లేదు. ఇగ ఇంచులు బంద్ అంట, అంతా మిల్లీమీటర్లే. కొత్త డ్రాయింగ్ వచ్చేదాక మీరే మార్చుకోండ్రి అన్నరు. జర చేసి పెట్టు."

ఆ సాయంత్రమే చేసి పెట్టాను. బుష్షు బయటి వ్యాసం 0.749 ఇంచు నుంచి 0.751 ఇంచు మధ్య ఎంతైనా ఉండవచ్చు. ఇంచుకు 25.4 మిల్లీమీటర్లు. కింది హద్దు 19.0246, పై హద్దు 19.0754 వచ్చాయి. షాపులో వ్యాసం కొలవడానికి కొత్తగా కొన్న మైక్రోమీటర్ రెండు దశాంశ స్థానాల వరకే చూపిస్తుంది కాబట్టి వాటిని 19.02, 19.08గా సవరించాను. అయిదుకు తక్కువైతే వదిలెయ్యడం, అయిదు దాటితే పైకి తీసుకోవడం ఇన్నేళ్లుగా మార్కుల పట్టికల్లో చేస్తున్న పనే. రెండుసార్లు సరిచూసి, తేదీ వేసి, సంతకం కూడా పెట్టి ఇచ్చాను.

పెట్టె పంపాల్సిన రోజు మధ్యాహ్నం అన్న క్యాంపస్‌కు వచ్చాడు. వెంట ఆయన షాపులో పన్నెండేళ్లుగా కొలతలు చూసే ఆవిడ ఉంది. మా క్యాంటీన్ బల్ల మీద ఆవిడ ఒక చిన్న డబ్బా తెరిచింది. అందులో పదకొండు బుష్షులు ఉన్నాయి.

"సార్, ఒకటి అడుగుత, కోపం చెయ్యకున్రి," అంది. "మీ కాగితం లెక్కన ఇవన్నీ పాసే. నా పాత ఇంచుల మైక్రోమీటర్ల పెడితే సన్నగున్నయి."

"పాతది పక్కన పెట్టు అని నేను చెప్పిన. ఈమె వినలే," అన్నాడు అన్న.

"మీరు చెప్పిన్రు. నా కండ్లు వింటలేవు. అందుకే రెండిట్ల చూసిన."

ఒక బుష్షు కొలత ఆవిడ కాగితం మీద రాసి ఉంది: 0.7489. దాన్ని 25.4తో గుణించాను. 19.0221. నా కాగితం ప్రకారం 19.02 కంటే ఎక్కువ, కాబట్టి సరే. అసలు హద్దు 19.0246 కంటే తక్కువ, కాబట్టి పనికిరాదు. తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. హద్దుల్ని సవరించేటప్పుడు ఎప్పుడూ లోపలికే జరపాలి. కిందిది పైకి, పైది కిందికి. 19.03, 19.07 అని రాయాల్సింది. నేను రెండింటినీ బయటికి జరిపాను. మార్కుల్లో అలా చేస్తే ఒక పిల్లవాడు పాసవుతాడు, ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ గీత దాటిన ముక్కను లోపలిదని రాసిచ్చినట్టయింది.

"తప్పు నాదే," అన్నాను.

"అది తర్వాత చూద్దాం. ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు అన్న. లావుగా ఉంటే ఇంకాస్త చెక్కవచ్చు. సన్నగా ఉన్నవాటిని ఏమీ చేయలేం. బుష్షులు చెయ్యడానికి కంపెనీ పంపిన కంచు కడ్డీ అయిపోయింది. ఇంకోటి రావాలంటే మూడు వారాలు.

"తక్కువ పంపితే మార్కులు కోస్తరా?" అని అడిగాను.

"పది కోస్తరు. ఒకటి తక్కువైనా అంతే, పదకొండు తక్కువైనా అంతే."

"అన్నీ పంపి, వాళ్లు పట్టుకుంటే?"

"పోటీల నుంచి ఇంటికి పంపిస్తరు."

ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. "నేనైతే వీటి మీద సంతకం పెట్టను సార్. మీరు పెడతరంటే పెట్టున్రి."

అన్న చాయ్ తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత ఆవిడతో, "నూట ఎనభై తొమ్మిదికి ప్యాక్ చెయ్యి," అని లేచాడు.

ఫలితం నెలన్నర తర్వాత వచ్చింది. నాణ్యతకు అరవైకి అరవై. టైముకు, లెక్కకు ముప్పై. మొత్తం తొంభై. రెండో షాపుకు తొంభై మూడు. ఆ పని రెండో షాపుకే వెళ్లింది. ఉత్తరం కింద, ఒక్కో పెట్టె నుంచి ఇరవై ముక్కలు తీసి కొలిచామని రాశారు.

అన్న ఆ ఉత్తరాన్ని నడకకు తెచ్చి, సిమెంటు బెంచీ మీద కూర్చొని నాకిచ్చాడు. "లెక్క చెయ్యి. అన్నీ పంపి ఉంటే ఏమయ్యేది?"

నేను చేశాను. రెండు వందల్లో పదకొండు చెడ్డవి ఉండి, ఇరవై తీస్తే, చెడ్డది ఒక్కటీ చేతికి తగలకపోవడానికి నూటికి ముప్పై వంతుల అవకాశం ఉంది. తగలడానికి డెబ్బై. పంపకపోవడమే తెలివైన పని అని లెక్క చెబుతున్నది. అదే మాట చెప్పాను.

"ముప్పై వంతులన్నా ఉండె కదా," అన్నాడు.

"ఉండె."

"నువ్వు ముందే సరిగ్గ రాసిస్తే నూరు ఉండె."

నిజానికి అదీ పూర్తిగా సరి కాదు. అది సరి కావాలంటే, సరైన కాగితం ఇచ్చి ఉంటే యంత్రాన్ని మొదట్లోనే సరిచేసుకునేవాళ్లు, ఆ పదకొండూ సన్నగా వచ్చేవి కావని అనుకోవాలి. చాలా వరకు అలాగే జరిగి ఉండేది. ఆ 'చాలా వరకు' ఎంతో నేను లెక్క వేయలేను.

షాపులో రెండో షిఫ్టు ఆపేశారు. తొమ్మిది మందిలో ముగ్గురు వేరేచోటికి వెళ్లారు. కొలతలు చూసే ఆవిడ ఉంది. ఈ మధ్య అన్నకు నీటి పంపుల కంపెనీ నుంచి ఒక పని వచ్చింది. దానికీ ఇంచుల డ్రాయింగే ఇచ్చారట. హబ్సిగూడలో ఇడ్లీ తింటుండగా ఆ సంగతి చెప్పాడు.

"మార్చేది ఆమెనే మారుస్తది తమ్మీ. నువ్వేమనుకోకు."

"అనుకోను," అన్నాను.

జేబులోంచి ఆవిడ రాసిన కాగితం తీసి, అడగకపోయినా నా ముందు పెట్టాడు. రెండు కొలతల నాలుగు హద్దులూ గుణించి చూశాను. కిందివి రెండూ పైకి, పైవి రెండూ కిందికి జరిపి ఉన్నాయి. మడిచి తిరిగి ఇచ్చేశాను. ఆయన రెండో ప్లేటు ఇడ్లీ చెప్పాడు.