పరాస్కా అవ్వ చెర్రీ వైన్

ఎవరు మాట్లాడినా పరాస్కా అవ్వ కళ్లు వాళ్ల పెదవుల మీదే ఉంటాయి. అది మర్యాద అనుకునేవాళ్లం. కెనడాలో మా సస్కచెవాన్ పల్లెలో ఏటా అడవి చెర్రీలతో వైన్ పులియబెట్టేది ఆవిడే అయినా, జాడీకి చెవి ఆనించి వినేది మాత్రం మొగుడు ఒస్టాప్. "ఇంకా గొణుగుతోందే, ఇప్పుడే బిరడా పెడితే పేలిపోద్ది," అనేవాడు. వసంతంలో ఆయన పోయాడు. ఈసారి అవ్వే సీసాలకు బిరడాలు బిగించింది.

నిన్న వాళ్ల నేలమాళిగలో తుపాకులు పేలినట్టు మోత. పక్కింటి నెస్టర్ పరుగెత్తుకొచ్చాడు. సీసాలు ఒక్కొక్కటే పగిలి గోడలన్నీ ఎర్రబడ్డాయి. పైన వంటింట్లో అవ్వ అటు తిరిగి తాపీగా పిండి ఒత్తుతోంది. కింద మరో సీసా పేలింది. ఆవిడ చెయ్యి ఆగలేదు. "అవ్వా!" అని అరిచాడు. తిరగలేదు. దగ్గరికెళ్లి భుజం తట్టాడు. అవ్వ తిరిగి, అతని పెదవుల కేసి చూసి నవ్వింది.

"అలా కొయ్యబారిపోయావేంరా? కూర్చో, కిందికెళ్లి కొత్త వైన్ తెస్తా."