గడియారాల బావగారూ, గొట్టం పరీక్షా

గడియారాల బావగారికి లేని జబ్బు లోకంలో లేదు. ఎవరైనా మూలగడమే ఆలస్యం, కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టి, "నాకూ అదే!" అనేవారు.

ఎదురింటాయనకి పన్ను నొప్పి వస్తే ఈయన దవడ పట్టుకున్నారు. పక్కింటి పిల్లకి గవదబిళ్ళలు లేస్తే ఈయన మెడకి మఫ్లరు చుట్టారు. అంతెందుకు, భార్య పురిటినొప్పులు పడుతుంటే ఈయన నడుం పట్టుకుని వరండాలో కూలబడ్డారు. "లేవండి బాబూ, మీకు మంచం ఇవ్వలేం" అని నర్సు కసిరిందట!

తమ్ముడి భార్యకి మాత్రం ఇదంతా ఒళ్లుమంట. ఆవిడ దర్జీ. నెలల తరబడి కడుపులో మంటతో మిషన్ మీద వాలిపోతుంటే, ఈయన గుమ్మంలో నిలబడి అదే పాట.

"మీకెందుకు రాదు బావగారూ, తిన్నదరగక్కర్లా?" అని కత్తెర ఠపీమని పెట్టేది.

డాక్టరు ఆవిణ్ణి చూసి, "ఏదో సూక్ష్మజీవి చేరి పేగులో పుండు చేసినట్టుంది. నెత్తురు కారడం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. గొట్టం వేసి చూద్దాం" అన్నాడు.

"గొట్టమా! నోట్లోంచా! చచ్చినా మింగను."

రెండుసార్లు ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి పారిపోయి వచ్చింది. భర్త బతిమాలి బతిమాలి సొమ్మసిల్లాడు. మూడోసారి బావగారు వెంటబడ్డారు.

"డాక్టరుగారూ, నాకూ అదే. ముందు నాకు వెయ్యండి."

"ఏమిటి మీ బాధ?"

"మిషన్ తొక్కుతుంటే కడుపులో మంట. కాజాలు కుట్టేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయి."

"మీరూ దర్జీయేనా?"

"అబ్బే, గడియారాలు బాగుచేస్తాను."

డాక్టరు ఈయన్నీ, వెనకాల వణుకుతున్న ఆవిణ్ణీ చూశాడు. "సరే, మీ వయసుకి ఓసారి చూసుకోవడం మంచిదే" అన్నాడు.

కాసేపటికి బావగారు బయటికొచ్చారు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, ముఖంలో మాత్రం చిరునవ్వు. "ఏముందమ్మాయ్! ముద్ద అడ్డంపడ్డట్టుంటుంది, అంతే."

ఈయన మింగాక తను మింగకపోతే జన్మంతా దెప్పుతారని ఆవిడ కళ్లు మూసుకుని లోపలికెళ్లింది.

మరుసటి వారం రిపోర్టులొచ్చాయి. డాక్టరు చూసి చెప్పాడు: "అమ్మా, పుండు ఉంది. మాత్రలు మధ్యలో ఆపకుండా వాడితే మానిపోతుంది. అయ్యా, మీకు పుండు లేదు గానీ ఆ సూక్ష్మజీవి మీలోనూ ఉంది. మీరూ వాడాలి."

బావగారు కుర్చీలోంచి లేచిపోయారు. "నాకా! నాకు జబ్బేమిటండీ! పుట్టి బుద్ధెరిగాక నాకు తలనొప్పి కూడా రాలేదు! ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఒక్కళ్లే భయపడతారని ఏదో తోడుకి అంటాను, అంతే!"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. ఇన్నాళ్లూ ఈయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ ప్రేమ పుట్టుకొచ్చింది.

తీరా చూస్తే, మాత్ర మింగడమంటే బావగారికి గుండెదడ. రోజూ ఆవిడే నీళ్లచెంబుతో వచ్చి, ముందు తన మాత్ర వేసుకుని చూపించేది.

"చూశారా, దిగిపోయింది. ఊఁ, ఇప్పుడు మీరు. పళ్లు బిగించకండి బావగారూ, నోరు తెరవండి!"